పెట్టెకి జ్వరం

ఆ స్టూలు ఇలా జరుపమ్మా, కూచుని చూస్తాను. మోకాళ్ళు నా మాట వినడం మానేసి చాలా ఏళ్ళయింది. ఏదీ, చల్లబడటం లేదన్న డీప్ ఫ్రీజరు ఇదేనా? ఓసి నీ దుంపతెగ, నువ్వా. నిన్ను కాదు తల్లీ, పెట్టెని అంటున్నాను. ఈ కుడిమూల సొట్ట చూశావా, ఇది నా చేతి చలవే. మెట్ల మీంచి దింపుతూ గోడకి కొట్టించాను. కింద నిలబడ్డ మీ నాయనమ్మ, "ఫ్రిజ్జబ్బాయ్, గోడకి దెబ్బ తగిలిందా?" అంది. పెట్టెకి తగిలిందా అనలేదు, నాకు తగిలిందా అనీ అనలేదు. గోడకి. ఆ పేరు పెట్టింది కూడా ఆవిడే. ఇప్పుడు ఈ తెల్లజుట్టుతో వీధిలో వెళ్తుంటే పిల్లలు "ఫ్రిజ్జబ్బాయి తాతా" అని పిలుస్తారు. అబ్బాయినీ నేనే, తాతనీ నేనే. సరే, అయితే నువ్వు ఆ ఇంటి పిల్లవన్నమాట. పాలపిల్లవి. ఆ, నిన్ను వీధంతా అలాగే పిలిచేది, ఎందుకో చెప్తాను. ముందు ఈ బొంత సంగతి తేల్చు. దీన్ని ఎవరు కప్పారు?

నువ్వేనా. నాన్న చెప్పాడా. ఏమని, నాయనమ్మ ఈ బొంత కప్పబట్టే నీ పాలు దక్కాయి, పెట్టె తీసుకెళ్తే బొంత కూడా తీసుకెళ్ళు అనా? నవ్వుతున్నానని ఏమీ అనుకోకు. మీ నాన్న అబద్ధం చెప్పలేదు, సగం చెప్పాడు. చిన్నప్పట్నించీ అంతే, ఏ కబురు పంపినా సగమే మోసుకొచ్చేవాడు. ఏదీ, నీ చెయ్యి ఇక్కడ పెట్టు, ఈ పక్కగోడ మీద. కాలుతోంది కదా. కింద, మోటారు దగ్గర పెట్టు. అక్కడింకా కాలుతోందా. నువ్వు దీన్ని తెచ్చుకున్న ఈ రెండు నెలలూ ఇది బొంతలో ఉడుకుతోందమ్మా. ప్లగ్గు తియ్యి. బొంత తీసి ఆ కుర్చీ మీద పడెయ్యి. ఇప్పుడు పెట్టెని గోడ నుంచి ఒక జానెడు ఇవతలికి లాగు, నేనూ ఓ చెయ్యి వేస్తాను. అదీ. మూత మాత్రం తెరవకు. అరగంట మోటారు చల్లారాలి. కొత్తది కొనుక్కోవాలా అన్న మాట ఆ అరగంట తర్వాత. ఊరికే కూచుంటే నాకు కునుకు పడుతుంది, అందుకని మాట్లాడుతూ ఉంటాను. నువ్వు టీ పెడతానన్నావుగా, పెట్టు, వంటింట్లోకి వినపడేలాగే చెప్తాను.

అప్పటికి నీకు ఐదో నెల. మీ అమ్మకి రైళ్ళ సిగ్నళ్ళ దగ్గర ఉద్యోగం వచ్చింది. ఇరవై రోజులు వేరే ఊళ్ళో శిక్షణ. చంటిబిడ్డల్ని తేవడానికి వీల్లేదు, రానంటే ఉద్యోగం వెనకవాళ్ళకి పోతుంది. ఆ ఉద్యోగం పరీక్ష మీ అమ్మ నిన్ను కడుపులో పెట్టుకుని రాసింది, బల్ల అడ్డమొస్తోందని పక్కకి తిరిగి కూచుని రాసిందట. నువ్వేమో డబ్బా పాలు పడితే పట్టినట్టే మా చొక్కాల మీదికి తిప్పి పంపేదానివి. ఎన్ని డబ్బాలు మార్చినా అంతే. తల్లిపాలే పట్టండి, వేరే ఆలోచన పెట్టుకోకండి అని డాక్టరమ్మ చెప్పేసింది. అందుకని మీ అమ్మ రెండు నెలలు రోజూ పాలు తీసి, చిన్న చిన్న సంచుల్లో పోసి, ఇదిగో ఈ పెట్టెలోనే గడ్డకట్టించింది. వెళ్ళేనాడు దీని ముందు నిలబడి ఒకటే ఏడుపు. మీ నాయనమ్మ వచ్చి, "నీ పిల్లనీ నేనే చూస్తా, నీ పాలనీ నేనే చూస్తా. నువ్వు ఏడవకుండా పోయి పాసై రా" అంది. కోడలికి ఆవిడిచ్చిన మొదటి మాట అదేనంటారు, అంతకు ముందు ఇచ్చినవన్నీ చీవాట్లే. ఇంకో సంగతి, ఆవిడకి కాగితం అంటే నమ్మకం లేదు. "తడిస్తే పోయేదాని మీద ఏం రాస్తాం?" అనేది. ఏం గుర్తుపెట్టుకోవాలన్నా సూదీ దారం తీసేది. తువ్వాళ్ళ మీద పేర్లు, దిండ్ల మీద పేర్లు. మీ తాత చొక్కా జేబు లోపల "కళ్ళజోడు ఇక్కడ" అని కుట్టింది, ఆయన అది చదవడానికి కళ్ళజోడు వెతుక్కునేవాడు. మీ అమ్మ సంచులకి అంటించిన తారీఖు చీటీలు చెమ్మకి ఊడిపోతే, ఈవిడ గుడ్డపీలికల మీద అంకెలు కుట్టి ఒక్కో సంచికీ కట్టింది. పాతవి పైన, కొత్తవి అడుగున. నేనే ఆశ్చర్యపోయాను.

ఆ, చక్కెర కొంచెం తక్కువే వెయ్యి. ఎక్కడున్నాను? జ్వరం. మీ అమ్మ వెళ్ళిన మూడో రోజు పొద్దున్నే నాకు కబురు. "పెట్టెకి జ్వరం వచ్చింది, ఉన్నపళంగా రా." వెళ్తే ఏముంది, ఈ బొంత కప్పి ఉంది, ఆవిడ పక్కన నిలబడి పెట్టెకి మంచం పట్టిన పిల్లాడికి చూసినట్టు చెయ్యి తిరగేసి చూస్తోంది. "నిన్నట్నించీ ఒళ్ళు కాలిపోతోందయ్యా." నేను బొంత లాగేసి, కప్పకూడదన్నాను. "ఎందుకు? చలి బయటికి పోకుండా కప్పాను." కప్పకూడదండీ, అంతే. నాకు అప్పుడు పాతికేళ్ళు, పని కొత్త, పొగరు పాత. ఎందుకో చెప్పాలంటే నా విద్యంతా ఆవిడకి ఇచ్చేసినట్టు అనిపించింది. మర్నాడు మళ్ళీ కబురు, మళ్ళీ బొంత. "చల్లటి వస్తువుని దుప్పటి లేకుండా వదిలేస్తారటయ్యా ఎవరైనా?" అని ఆవిడ, ముట్టుకుంటే ఊరుకోనని నేను. మీ తాత మధ్యలో దూరి, "పోనీ సగం కప్పుదామా" అన్నాడు, ఇద్దరం కలిసి ఆయన్ని తిట్టాం. ఆ మర్నాడు వెళ్ళేసరికి మోటారు ఆగి ఆగి తిరుగుతోంది. ఇదిగో, నీ పెట్టెలాగే. అప్పుడు నాకు భయం వేసింది. లోపల నీ పాలున్నాయి, ఈవిడ వినదు, ఈవిడ వినకపోవడానికి కారణం నేనే. నేల మీద చతికిలబడి మొదట్నించీ చెప్పాను. అమ్మగారూ, ఈ పెట్టె చలిని పుట్టించదు. లోపలున్న వేడిని పట్టుకుని బయటికి తోస్తుంది. తోసిన వేడి ఈ పక్కగోడల్లోంచి పోవాలి, అందుకే గోడలు వెచ్చగా ఉంటాయి, అది జ్వరం కాదు, ఆరోగ్యం. మీరు బొంత కప్పితే ఆ వేడి ఎటూ పోలేక మోటారుని తింటుంది. ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుని అంతా వింది. "అంటే లోపల చల్లగా ఉండాలంటే వేడి బయట కక్కాలి." అవునండీ. "మా ఆయన వీధిలో అందరి మీదా అరిచి ఇంట్లో పిల్లిలా ఉండేది అందుకే కాబోలు." అని బొంత మడతపెట్టి అలమార పైన పెట్టేసింది. అంతే, మళ్ళీ ముట్టుకోలేదు. ఆవిడ మొండిది కాదమ్మా, ఎందుకో తెలియకుండా ఏదీ చెయ్యదు, అంతే తేడా.

ఇక ఆ రోజు నుంచి నా వెంట పడింది. ఇది ఎందుకు, అది ఎందుకు. మూత చుట్టూ ఉన్న రబ్బరు ఎందుకు? దాని కింద కాగితం పెట్టి మూత వేసి లాగమన్నాను, ఊరికే జారి వచ్చేస్తే గాలి దూరుతున్నట్టు, బిగిసి వస్తే బాగున్నట్టు. రోజూ నాలుగు పక్కలా లాగి చూసేది. తడిగుడ్డతో రబ్బరు తుడిచేది. గోడలకి ఐసు వేలెడు మందం పేరుకుంటే కరిగించాలి, కత్తితో మాత్రం గీకకూడదు అంటే, ఇంట్లో కత్తులన్నీ మీ తాతకి అందని చోట దాచింది. ఖాళీ చోటు ఉంటే చలి నిలవదు అంటే సీసాల్లో నీళ్ళు నింపి సందు లేకుండా పేర్చింది. కరెంటు పోయి పాలు కరిగి, మళ్ళీ గడ్డకట్టేస్తే మనకెలా తెలుస్తుంది అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు అప్పటిదాకా. ఒక చిన్న గిన్నెలో నాలుగు ఐసు ముక్కలు వేసి పెట్టండి అన్నాను. ముక్కలు ముక్కల్లాగే ఉంటే సరి. కలిసిపోయి పలకలా ఉంటే కరిగిందన్నమాట, ఆ పాలు పారబొయ్యాల్సిందే. గిన్నెని ఆ చివర మూల పెట్టింది.

పదకొండో రోజు మధ్యాహ్నం గాలివాన. స్తంభాలు విరిగాయి, మన వీధి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. నాకు ముందు గుర్తొచ్చింది నీ పాలే. తోపుడు బండి తీసుకుని తడుస్తూ వచ్చాను, పాలు ఐసు ఫ్యాక్టరీకి చేరుద్దామని. లోపలికి అడుగుపెట్టి చూద్దును కదా, పెట్టె మీద బొంత. బొంత మీద మీ నాయనమ్మ. బాసింపట్టు వేసుకుని బఠానీలు ఒలుస్తోంది. నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ కప్పారా, అంత చెప్పాను కదా అన్నాను. ఆవిడ ఒలవడం ఆపకుండా, "లోపలి వేడిని బయటికి తోసేదెవరు?" అంది. మోటారండీ. "మోటారుకి కరెంటుందా?" లేదండీ. "మరి ఇప్పుడు వేడి ఎటు నడుస్తుంది?" బయట నుంచి లోపలికి నడుస్తుంది. అప్పుడు బొంత కప్పాల్సిందే. ఆ ముక్క చెప్పింది నేను కాదు తల్లీ, నాకు తట్టనే లేదు. నేను చెప్పిన పాఠాన్ని ఆవిడ నాకే అప్పజెప్పింది. ఐసు ఫ్యాక్టరీకీ కరెంటు లేదు, పైగా దారంతా నీళ్ళట, ఆ కబురూ నాకంటే ముందే తెప్పించుకుంది. "కూచో, బఠానీలు ఒలువు" అంది. ఒలిచాను.

రెండున్నర రోజులమ్మా. పగలంతా ఆవిడ ఈ మూత మీదే. వచ్చిన వాళ్ళతో అక్కణ్ణించే మాట్లాడింది, అక్కడే అన్నం తింది. స్నానానికి వెళ్ళాలంటే మీ తాతని కూచోబెట్టి వెళ్ళేది, ఆయన ఒకసారి "ఒక్క రవ్వ తెరిచి చూద్దామా, ఎలా ఉన్నాయో" అన్నాడని, తర్వాత నన్ను కూచోబెట్టింది. నీకు పాలు కావాలి కదా మరి, అందుకు రోజుకొక్కసారి, తెల్లారగానే. మూత జానెడు లేపి, బొంత కింద నుంచి చెయ్యి దూర్చి, చూడకుండా తడిమి, ఆ రోజుకి సరిపడా సంచులూ ఒక ఐసు సీసా పట్టుకుని మూడు లెక్కపెట్టేలోగా మూసేసేది. ముందు రోజు సాయంత్రం కళ్ళు మూసుకుని ఉత్తి బుట్టలో చెయ్యి పెట్టి సాధన చేసింది, నేను చూశాను. ఆ సంచుల్ని ఐసు సీసాతో పాటు చెంబులో పెట్టి రోజంతా నీకు పట్టేది. ఫోను ఎలాగో పనిచేస్తూనే ఉంది. మీ అమ్మ ఫోను చేసి, గాలివాన అట, పాలు ఎలా ఉన్నాయత్తయ్యా అంది. మేం అందరం చూస్తున్నాం, ఈవిడ ఏం చెప్తుందా అని. "పాలు నిద్రపోతున్నాయి. నేను వాటి మీద కూచున్నా. లేచాక ఎలా ఉన్నాయో ఉన్నదున్నట్టు చెప్తా" అంది. ఫోను పెట్టాక మాత్రం చాలాసేపు బొంత అంచు చేత్తో రాస్తూ కూచుంది.

మూడో రోజు పొద్దు వాలేవేళకి కరెంటు వచ్చింది. మోటారు అందుకుంది. ఆవిడ వెంటనే కిందికి దిగి బొంత లాగేసింది, ఎవరూ చెప్పకుండానే. నేను గిన్నె తీశాను. చెప్పాను కదా, ఆ చివర మూల. నాలుగు ముక్కలు. నాలుగూ విడివిడిగా, కోసిన జున్నుముక్కల్లా అంచులతో సహా. ఆవిడ ఒక్కో ముక్క అంచునీ వేలితో తాకి చూసింది, ఎనిమిది మూలలు చొప్పున, నమ్మకం కుదరక. తర్వాత ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఇంకోటి నా చేతిలో పెట్టింది. మీ తాత వేడుకోగా వేడుకోగా ఆయనకొకటి. నువ్వు ఉయ్యాల్లో నిద్ర. మీ అమ్మ ఇరవై రోజులూ పూర్తిచేసి, పాసై వచ్చింది, వచ్చేసరికి అడుగున ఇంకో రెండు సంచులు మిగిలాయి. నీకు నాలుగో ఏడు నిండకముందే ఆవిడ పోయింది, నీకు గుర్తుండదులే. పెట్టె దగ్గర నిలబెట్టి మూత రబ్బరు తుడిపించేది నీ చేత.

టీ బాగుంది. అరగంట అయిందా? అయితే ప్లగ్గు పెట్టు. ఇంకా తిరగదు, ఒక నిమిషం పడుతుంది. మూత రబ్బరు తుడువు, రేపు సాయంత్రం ఫోను చేసి ఎలా ఉందో చెప్పు. కొత్తదేమీ అక్కర్లేదు. ఆ బొంత మడతపెట్టి ఎక్కడైనా పైన పెట్టు, పారెయ్యకు. ఏంటి? లోపలివైపు మూల ఏదో కుట్టి ఉందా? ఇలా తే. ఊహూ, నా కళ్ళజోడు ఇంట్లో ఉంది, నువ్వే చదువు. "కరెంటు లేనప్పుడే కప్పాలి." ఊ. ఇది నాకు తెలియదే. ఎప్పుడు కుట్టిందో మరి, నాతో ఒక్క ముక్క అనలేదు. కింద ఇంకో వరస ఉందా. దారం వెలిసిపోయిందా, మెల్లగా చదువు, తొందరేం లేదు. "ఎందుకో..." ఆ. "ఎందుకో ఫ్రిజ్జబ్బాయిని అడగండి."

ఇంకోసారి చదువు.

...మోటారు అందుకుంది, విన్నావా. ఆ కప్పు ఇలా ఇయ్యి, టీ చల్లారిపోతోంది.