నడుమ చిక్కిన శుక్రవారం

ట్యునీసియా నుంచి స్పెయిన్‌లోని సలమంకాకు చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి, మూసిన తలుపును మళ్లీ కొట్టింది. ఎదురు బాల్కనీలోంచి పెద్దావిడ తొంగిచూసింది.

"ఎంత బాదినా అంతే తల్లీ. ఇంటావిడ ఊరెళ్లింది."

"నా గది తాళం ఆమె దగ్గరే ఉందండీ! పండగ నిన్నటితో అయిపోయిందిగా?"

"నిన్న పండగ, రేపు శనివారం. నడుమ ఒక్క శుక్రవారం కోసం ఎవరొస్తారు? దాన్నీ సెలవులో కలిపేసుకుంటాం."

"మరి కాలేజీ ఆఫీసు?"

"అదీ అంతే."

"హోటళ్లన్నీ నిండాయన్నారు. ఈ రాత్రి ఎక్కడ పడుకోనండీ?"

"మా ఇంట్లో ఉండమందును గానీ, నేనూ మా ఊరికి బయల్దేరుతున్నా. నాతో వచ్చెయ్. మంగళవారం వచ్చేద్దాం."

"అమ్మో! సోమవారం పొద్దున్నే నా మొదటి క్లాసు!"

"పాఠం చెప్పేదెవరు?"

"ఎవారిస్తో గారు."

"మా చెల్లెలి కొడుకే! వాడూ మంగళవారం దాకా అక్కడే. పెట్టె తీసుకో, బస్సు వెళ్లిపోతుంది."

అమ్మాయి మూసిన తలుపు వంక చూసి, పెట్టె ఎత్తుకుంది.