తీసేయొద్దు అని రాసిన మూడు లైన్లు

లేవకండి సార్. పిలవడానికి ఇంకా పావుగంట ఉంది. అయినా మిమ్మల్ని స్టేజీ మీదికి తీసుకెళ్లాల్సింది నేనే, పరిచయం చేయాల్సిందీ నేనే. నేను కదలకుండా మీరెక్కడికి వెళ్తారు?

కాఫీ తాగండి. చల్లారిపోతోంది.

ఏమిటలా చూస్తారు? ఇందాక పుస్తకం మీద మీ చేత సంతకం పెట్టించుకున్న మనిషి ఇలా మాట్లాడుతుందేమిటనా? పెట్టించుకున్నాను. సాక్ష్యం మీద సంతకం ఉండాలిగా మరి!

ఇదిగో, నలభయ్యో పేజీ. పసుపు పెన్నుతో గీత కొట్టింది నేనే, ఏడేళ్ల కిందట. "కోడ్ పక్కన కామెంటు రాశావంటే, ఆ కోడ్ సిగ్గుపడుతోందని అర్థం." దాని కిందే ఇంకోటి. "ఒకే పని రెండుచోట్ల కనిపిస్తే ఒకదాన్ని చంపెయ్." అబ్బ, ఎంత బాగా రాశారండీ! చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. కొట్టాం కూడా.

మాది పిల్లల ఆసుపత్రికి సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసు. ఆరుగురం. మీ ఉపన్యాసం విని వచ్చిన రోజు మా మేనేజరుకి కాళ్లు నేల మీద ఆగలేదు. తలా ఒక పుస్తకం చేతిలో పెట్టాడు. నేనైతే కంఠతా పట్టేశాను.

నా పక్క కుర్చీలో ఒకావిడ ఉండేది. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. అక్కా అని పిలిచేదాన్ని. మిగతావాళ్లు వెనకాల 'రెండుసార్ల అక్క' అనేవాళ్లు. తాళం వేసి, పదడుగులు వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి తలుపు లాగి చూసేది. మేం మూతులు మూసుకుని నవ్వుకునేవాళ్లం.

ఆవిడ రాసిన కోడ్ ముక్క ఒకటుంది. పిల్లల్ని తూచే మెషిన్ నుంచి బరువు తీసుకుని, మందు ఎంత ఇవ్వాలో చెబుతుంది. అది మెషిన్‌ని బరువు వెంటవెంటనే రెండుసార్లు అడిగేది. పైన, తర్వాత చదివేవాళ్ల కోసం మూడు లైన్ల కామెంటు. "మొదటిసారి అడిగితే ఈ మెషిన్ అంతకుముందు తూచిన బిడ్డ బరువు చెబుతుంది. రెండోసారి చెప్పిందే నిజం. తీసేయొద్దు."

చూశారా? కామెంటు, సిగ్గుచేటు. ఒకే పని రెండుసార్లు, చంపెయ్యాలి. మీ శాసనాలు రెండూ ఒకే చోట! చంపేశాం సార్. ఆ ముక్క ఎంత ముద్దుగా తయారైందనుకున్నారు!

తొమ్మిదో రోజు మూడేళ్ల పాపని తెచ్చారు. పాప కంటే ముందు మెషిన్ ఎక్కింది పదకొండేళ్ల పిల్ల. ఆ పిల్లకి సరిపోయే మందు ఈ పాపకి పడింది.

బతికింది లెండి, గాభరా పడకండి. ఐదు రోజులు కళ్లు తెరవలేదు గానీ బతికింది. వాళ్లమ్మ మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఒకటే మాట. "మా పాపని తూచలేదా?" ఏం చెప్పమంటారు? తూచామమ్మా, రెండోసారి అడిగితే మెషిన్ చెప్పేదే, మేమే అడగలేదు అనా?

మా దగ్గర ఒక పద్ధతుంది. ఎవరు ఏం మార్చినా, ఇంకొకరు చూసి సరే అన్నాకే ఆసుపత్రికి వెళ్తుంది. సరే అన్నచోట అక్క పేరుంది. అక్కని పంపేశారు. పదిహేడేళ్ల ఉద్యోగం. గుమ్మం దాటాక, అలవాటు కొద్దీ వెనక్కొచ్చి తలుపు లాగి చూసి మరీ వెళ్లింది.

ఆ రోజే అనుకున్నాను, మీ పని పట్టాలని. ఏడేళ్లు కాచుకున్నాను. ఈ సభ కమిటీలో చేరింది అందుకే, పొద్దున్నుంచి కుర్చీలు మోసింది అందుకే. ఈ కాగితంలో మీ బిరుదులుండాలి. అక్క రాసిన మూడు లైన్లున్నాయి. ఆరువందల మంది ముందు చదివి, "గురువుగారూ, ఇందులో సిగ్గుపడాల్సిందేమిటో చూపించండి" అంటాను. అప్పుడు మీ మొహం చూడాలి!

ఆఁ? ఏమిటీ? చివరి పేజీలోనా?

తెలుసు సార్. "ఏదీ గుడ్డిగా నమ్మకండి, మీ పనికి నప్పుతుందో లేదో మీరే చూసుకోండి." రాశారు. చీమ తలకాయంత అక్షరాల్లో రాశారు. పుస్తకం నిండా పిడిగుద్దులు గుద్ది, చివర్లో వెన్న రాస్తే సరిపోయిందా? ఉపన్యాసాల్లో ఆ మాట ఒక్కసారైనా అన్నారా? అనరు. చప్పట్లు పడవుగా!

వేలు పెట్టి చూపించక్కర్లేదు. పసుపు గీత ఆ లైను మీద లేదని నాకూ తెలుసు.

సరే. ఎవరు తీశారని అడుగుతున్నారు కదా. నేనే.

కొత్త మెషిన్లొచ్చాయి, ఇక రెండుసార్లు అడగక్కర్లేదన్నాను. అక్క రెండు రోజులు సరే అనలేదు. "కొత్త మెషిన్లు కొన్నారు నిజమే. కింది అంతస్తులో పాతది ఇంకా ఉందే. ఒక్కసారి వెళ్లి చూసి రా" అంది. రోడ్డు దాటితే ఆసుపత్రి. వెళ్లలేదు. మీ పుస్తకం పట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్లాను. "ఈవిడ పాతకాలం మనిషండీ, ఎవర్నీ ముందుకి పోనివ్వదు" అన్నాను. ఆయన గట్టిగా అరిస్తే, అక్క తలొంచుకుని సరే నొక్కింది.

తర్వాత విచారణ. "ఆమె నిన్ను హెచ్చరించిందా?" అని నన్నడిగారు. మేనేజరు బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.

"నాకేం చెప్పలేదండీ" అన్నాను.

హాల్లో మూడో వరసలో చివరి కుర్చీ. అక్క వచ్చి కూర్చుంది. నేనే పిలిచాను, మీ పరువు పోవడం కళ్లారా చూస్తుందని. నిన్న ఫోన్లో ఏమందో తెలుసా? "ఆయన నన్నెప్పుడూ చూడను కూడా లేదు కదే. నువ్వు నా పక్కనే కూర్చునేదానివి."

అయినా వచ్చింది.

పదండి, పిలుస్తున్నారు. తప్పించుకున్నానని సంబరపడకండి. ఈ కాగితం చదవడం ఖాయం, మిమ్మల్ని కడిగేయడం ఖాయం. కాకపోతే ముందు నా సంగతి చెబుతాను, ఆ తర్వాతే మీది. మిమ్మల్ని నమ్మేవాళ్లు ఆ హాలు నిండా ఉన్నారు. నన్ను నమ్మిన మనిషి ఒక్కతే ఉండేది.

ఆ కాఫీ వదిలేయండి. ఎలాగూ చల్లారిపోయింది.