గుట్ట వెనక మలుపు

కాదు, నువ్వే చెప్పు, ఇదేమన్నా న్యాయంగా ఉందా? బైకు రేసు కప్పు నా చేతికిచ్చి, మైకు పట్టుకుని ఆ పెద్దమనిషి ఏమన్నాడో తెలుసా? "మన ఛాంపియన్ త్వరగా కోలుకోవాలని అందరం కోరుకుందాం" అన్నాడు. మన ఛాంపియనట! ఛాంపియన్ని నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను కదరా, ఒళ్ళంతా బురదతో, కప్పు పట్టుకుని! నాకు జలుబు కూడా లేదు. నేనెందుకు కోలుకోవాలి?

నీ గురించన్నమాట. అంతే, జనమంతా లేచి నిలబడి "మిడత! మిడత!" అని, నువ్వు గాల్లోకి ఎగురుతావని పెట్టిన ఆ పేరుతో ఒకటే అరుపులు. నువ్వు అప్పటికే అంబులెన్సులో ఊరు దాటావు. నేను కప్పు పైకెత్తాలా, దించాలా? ఎత్తితే నువ్వు పడ్డందుకు సంబరపడుతున్నానంటారు. దించితే ఏడుస్తున్నానంటారు. కడుపు దగ్గర పెట్టుకుని నిలబడ్డాను, అన్నం గిన్నె పట్టుకున్నట్టు.

సరే సరే, ముందు నీ సంగతి అడగాలి కదా, మర్యాద. ఎలా ఉందిరా? నొప్పా? ఊఁ. వద్దు వద్దు, మాట్లాడకు. దవడ విరిగితే పళ్ళకి తీగలు చుట్టి నోరు బిగించేశారని చెల్లెమ్మ బయట చెప్పింది. చాలా ఏడ్చిందిరా నీ పెళ్ళాం. ఇప్పుడు కాస్త తేరుకుంది, రసం తెస్తానని కిందకి వెళ్ళింది.

ఏదీ, పెదవి కొంచెం తియ్యి, చూడనీ. అబ్బో! ఎంత బాగా మెలిపెట్టాడ్రా డాక్టరు! మనం హ్యాండిల్ గ్రిప్పులు జారకుండా తీగ చుడతామే, అచ్చం అలాగే. మా మెకానిక్‌ని తీసుకొచ్చి చూపించాలి. వాడు చుట్టింది సగం రేసులోనే ఊడొచ్చి నా బొటనవేలు కోసేస్తుంది.

మరి ఈ కటింగ్ ప్లేయరేంటి, మంచానికి వేలాడదీశారు? ఓహో, వాంతి గీంతి వస్తే తీగలు కత్తిరించడానికా. ఊఁ... కత్తిరిస్తే మాట్లాడగలవా? ఏయ్, ఊరికే అన్నాలే. అంత కళ్ళు పెద్దవి చేయకు. నేనంత దుర్మార్గుణ్ణా?

రెండు చేతులకీ కట్లే. రాయడానికీ లేదు, చెప్పడానికీ లేదు. నా అదృష్టం చూడు! లోకంలో ఆ సంగతి తెలిసినవాడు నేను కాక ఇంకొక్కడే ఉన్నాడు. పోయి పోయి వాడి నోటికే తీగలు చుట్టారు.

ఏ సంగతా? నీకు తెలీదూ?

ఆగు, చెప్తా. ఈ కుర్చీ ఒకటి, కాలు కుంటుతోంది. నాలాగే.

మంగలి దగ్గరికెళ్ళాను. ఛాంపియనయ్యాను కదా, గడ్డం గీయించుకుందామని. వాడు నురగ రాస్తూ ఏమన్నాడు? "పాపం మిడతగారు పడిపోయారటగా. లేకపోతేనా!" అన్నాడు. లేకపోతేనా, అని కత్తి ఆపాడు. ఒళ్ళు మండిపోయింది. అయినా మెడ మీద కత్తి ఉందాయె, ఏమంటాం? అవునండీ పాపం అన్నాను.

పేపర్లో ఏం వేశారు? "కింద పడ్డ మిడత, రెండోవాడికి దక్కిన టైటిల్." ఛాంపియన్ అయ్యాక కూడా రెండోవాడినే! ఫోటో నీది. గాల్లో ఎగురుతున్నది. కింద మూలన దుమ్ములో ఓ హెల్మెట్ కనపడుతోంది, అది నేను. నా హెల్మెట్ కాబట్టి నేను గుర్తుపట్టాను, ఇంకెవరూ పట్టరు.

ఇంట్లో చెప్పుకుందామా అంటే, మా ఆవిడ కుట్టుమిషను మీంచి తలెత్తదు. "అసలేం జరిగిందంటే..." అని నేను మొదలుపెట్టగానే తలూపడం మొదలుపెడుతుంది. నేను మలుపు దాకా కూడా రాను, ఆవిడ తలూపుతూనే ఉంటుంది. చేతుల్లో గుడ్డ నడుస్తూనే ఉంటుంది. నమ్ముతోందో, నన్ను వదిలించుకుంటోందో ఎవరికెరుక?

నవ్వకు. తీగలు లాగుతాయి.

చిన్నప్పుడు కంకర క్వారీ దగ్గర, మీ మామయ్య పాత మోపెడ్ గుర్తుందా? ఒక్క బండి, ఇద్దరం. నువ్వు నడిపేవాడివి, నేను వెనక కూచునేవాణ్ణి. మట్టి కుప్పల మీంచి నువ్వు దూకిస్తే నా నడుం విరిగేది. "కాసేపు నాకివ్వరా" అంటే "ఇంకొక్క కుప్ప" అనేవాడివి. ఆ ఇంకొక్క కుప్ప ఇప్పటిదాకా అయిపోలేదురా నాయనా!

తర్వాత సొంత బండ్లొచ్చాయి. అయినా వెనకే. నీ వెనకే ఎన్ని రేసులు! కాలర్ ఎముక విరిగింది, ప్లేటు వేయించుకున్నాను, మళ్ళీ నీ వెనకే. మోకాలు తిరిగింది, కట్టు కట్టుకుని మళ్ళీ నీ వెనకే. నీ బండి ముందు నుంచి ఎలా ఉంటుందో నాకు తెలీదంటే నమ్ము. వెనక మడ్‌గార్డు మీద గీతలు మాత్రం కంఠతా వచ్చు. నీ చక్రం చిమ్మిన మట్టి ఇప్పటికి నా కడుపులో ఓ బస్తా ఉంటుంది.

కష్టపడలేదా నేను? నువ్వే చెప్పు! నీకంటే ముందు లేచాను. ముంజేతులు రాయిలా బిగుసుకుపోయి గ్రిప్పు వదలడానికి రాకపోతే, మా ఆవిడ ఒక్కో వేలూ విప్పేది. నువ్వేమో రేసు ముందు చెట్టు కింద గుర్రు పెట్టి నిద్రపోయేవాడివి! లేచి, ఆవులించి, నన్ను ఓడించేవాడివి. ఆ ఆవులింతే నాకు ఇంకా కడుపుమంట.

సరే. ఇప్పుడు అసలు సంగతి. కళ్ళు మూయకు. ఇది నువ్వు వినాలి.

గుట్ట వెనక మలుపు. పొద్దున ట్రాక్ చూడ్డానికి అందరం నడిచి వెళ్ళినప్పుడు, అక్కడ నీళ్ళ ట్యాంకరు తిప్పుకోలేక నిలబడిపోయి ఉంది, గుర్తుందా? లోపలివైపు నీళ్ళన్నీ కారి బురదైపోయింది. అందుకని మొదటి రేసులో అందరం బయటివైపు మట్టికట్ట ఆనుకునే తిరిగాం. నువ్వూ అంతే, నేనూ అంతే.

కప్పెవరిదో తేల్చే రెండో రేసుకి ముందు నువ్వు మామూలుగా పడుకున్నావు. నేనేం చేశానో తెలుసా? ఆ కుంటికాలు ఈడ్చుకుంటూ గుట్ట ఎక్కి దిగాను. మావాళ్ళు ఒంటేలుకి వెళ్ళాడనుకున్నారు. వంగి ఆ మట్టి తీసి నొక్కి చూశాను. ఎండకి ఆరింది, మరీ పొడిబారలేదు. పిడికిట్లో నొక్కితే ముద్దయి నిలబడుతోంది. టైరు దిగితే జారదు, పట్టుకుంటుంది! ఎవరికీ చెప్పలేదు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని వచ్చేశాను.

రేసంతా నీ వెనకే ఉన్నాను. బయటే తిరిగాను, నీకు అనుమానం రాకూడదని. ఇంకా కొద్ది రౌండ్లే ఉన్నాయనగా, ఆ మలుపులో నువ్వు మామూలుగా బయటికి వెళ్ళావు. నేను లోపలికి కోశాను. గాడిలో చక్రం దిగింది. పట్టిందిరా! తాడు కట్టి లాగినట్టు తిరిగింది బండి. నిన్ను తగల్లేదు, గీరలేదు. నీ మోచేయి నా మోచేయి పక్కనే, ఆ తర్వాత లేదు. ఇన్నేళ్ళూ ముందు నుంచి విన్న నీ ఇంజను మోత, అప్పుడు వెనక నుంచి వినిపించింది.

అంత చక్కటి సంగీతం నా పెళ్ళిలో కూడా వినలేదు.

ఆ తర్వాతే పెద్ద దిబ్బ మీంచి దూకాలి. నన్ను అందుకోవాలని నువ్వు యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పేశావు, ఎక్కువ ఎగిరావు, పడ్డావు. అదీ వరస. నేను నిన్ను దాటాక నువ్వు పడ్డావు. నువ్వు పడ్డాక నేను దాటలేదు! ఈ రెండిటికీ ఎంత తేడా ఉందో ఆ మంగలికి ఎలా చెప్పను?

నువ్వు పడ్డ చప్పుడు వినపడింది. ఆగలేదు. రేసులో ఆగం కదా. మళ్ళీ రౌండు తిరిగొచ్చేసరికి నిన్ను స్ట్రెచర్ మీద పెడుతున్నారు. ఆ మిగతాది ఎలా నడిపానో నాకే తెలీదు. కళ్ళద్దాల మీద మట్టి పడితే పీకేసే ప్లాస్టిక్ పొరలు ఒకటొకటీ పీకేస్తూనే ఉన్నాను, ఎంతకీ మసక పోలేదు. లోపల తడైతే పైన పీకి ఏం లాభం?

మరి చూసినవాడెవడు? స్టాండ్స్‌కి గుట్ట అడ్డం. కెమెరా టవర్‌కి గుట్ట అడ్డం. గీత దాటినప్పుడే లెక్క రాస్తారు, దాంట్లో ముందు రౌండులో నువ్వు ముందున్నావు, తర్వాత రౌండులో నువ్వు లేవు. అంతే ఉంది. ఆ మలుపులో జెండా పట్టుకుని ఒకాయన ఉంటాడుగా? వెతుక్కుంటూ వాళ్ళింటికెళ్ళాను. ఏమన్నాడో తెలుసా? "సరిగ్గా అప్పుడే కళ్ళల్లో మట్టి పడిందండీ" అన్నాడు.

ఎవడు కొట్టాడు ఆ మట్టి? నా వెనక చక్రమే! లోపలివైపు కోశాను కదా, ఆ తడిమట్టి లేచి ఆయన మొహాన పడింది. జీవితంలో ఒక్కసారి నిన్ను దాటాను, ఆ దాటడంతోనే చూసేవాడి కళ్ళు మూసేశాను. ఎవరికి చెప్పుకోవాలిరా ఇది?

అందుకే నీ దగ్గరికొచ్చాను. కప్పు కావాలంటే నువ్వే ఉంచుకో. నిజంగా. కార్లోనే ఉంది, తెచ్చి ఈ బల్ల మీద పెడతా, మందులు పోసుకో. నాకు ఒక్కటి చెప్పు చాలు. నువ్వు పడకముందే నేను నిన్ను దాటానా లేదా?

...

ఊపావు! తలూపావు! మళ్ళీ ఒకసారి. శుభ్రంగా దాటానా, తగలకుండా? ఆఁ! అదీ! నా తండ్రీ, నా బంగారం! నువ్వు మనిషివిరా! కట్టు లేకపోతే చెయ్యి ముద్దుపెట్టుకునేవాణ్ణి. ఆగు, కళ్ళు తుడుచుకోనీ. ఈ గదిలో ఏదో మందు వాసన ఘాటుగా ఉంది.

రా చెల్లెమ్మా, రా, సరైన సమయానికొచ్చావు. వీడు ఒప్పుకున్నాడు! చూడు, మళ్ళీ ఊపుతాడు, నువ్వే సాక్షి... ఏంటి? పొద్దుట్నుంచీ అందరికీ ఇలాగే ఊపుతున్నాడా? మందు మత్తా? ఫ్యాన్ బాగుచేయడానికొచ్చినతనికి కూడానా?

లేదులే చెల్లెమ్మా. నాకు ఊపింది వేరు. గట్టిగా ఊపాడు.

ఒరేయ్, ఇటు చూడు. నీ బండి పచ్చరంగు. అవునా?

...ఎర్ర బండిరా నీది!

నేను నీకంటే అందగాణ్ణి. అవునా? ఊపాడు. ఇప్పుడు వర్షం పడి ఈ గది మునిగిపోయింది. అవునా? దానికీ ఊపాడు. ఛ!

నాకే బుద్ధి లేదు. తలకి దెబ్బ తగిలినవాణ్ణి పట్టుకుని న్యాయం చెప్పమంటున్నాను. అదేం లేదు చెల్లెమ్మా, ఊరికే, పాత కబుర్లు. నువ్వు ఆ రసం పట్టించు. స్ట్రా ఇటు పక్క నుంచి పెట్టు, అటు పళ్ళున్నాయి.

ఇంకో మాట చెప్పి వెళ్ళిపోతా. ఇంట్లో కూడా చెప్పలేదు. వచ్చే సీజన్ నేను లేనురా. మోకాలు అయిపోయింది, డాక్టరు ఫోటో తీసి చూపించాడు, లోపల గుజ్జు లేదట. లేకపోతే, నువ్వు లేచి వచ్చాక జనం ముందు, స్టాండ్స్ ఎదురుగా ఉన్న మలుపులో నిన్ను దాటేవాణ్ణి. అందరూ చూస్తుండగా. ఇక అదీ లేదు. ఎవడూ చూడని ఆ ఒక్కటే నాకు మిగిలింది. బండి అమ్మేస్తున్నా.

ఏంటి? అదేంటి, అడ్డంగా ఊపుతున్నావు? అమ్మొద్దా? మానొద్దా? ఎందుకూ, నీ వెనక ఎవడో ఒకడు మట్టి తినాలి కాబట్టా?

ఆగాగు. అడ్డంగా ఊపావు! చెల్లెమ్మా, చూశావా, వాడు అడ్డంగా ఊపాడు! అంటే నీకు అన్నీ వినపడుతున్నాయి, అన్నీ తెలుస్తున్నాయి! మత్తు లేదు, గిత్తు లేదు! మరి పచ్చబండికి ఎందుకు ఊపావురా దొంగవెధవా? ఫ్యాన్ ఆయనకి ఎందుకు ఊపావు?

మరి ఇందాకటిది? మలుపు సంగతి? అది నిజంగా ఊపావా, నన్ను ఆడించడానికి ఊపావా? ఒరేయ్! కళ్ళు తెరువు. ఒక్కసారి. నిలువుగానో అడ్డంగానో ఏదో ఒకటి ఊపి చావు!

భుజాలు కదులుతున్నాయి చూడు చెల్లెమ్మా, నవ్వుతున్నాడు. ఆఁ ఆఁ, సరే, నవ్వించనులే, తీగలు తెగుతాయి, తెలుసు. వెళ్తున్నా, వెళ్తున్నా. నువ్వు కోప్పడకు.

నవ్వు నాయనా, నవ్వు. పడ్డా నువ్వే గెలిచావు.

ఇంటికెళ్ళి మా ఆవిడతో ఒప్పుకున్నావనే చెప్తా. ఆవిడా తలూపుతుంది.