నూకరత్నం చుట్ట, కంపెనీ మాత్ర

నూకరత్నం నోట్లో నిప్పు పెట్టుకుని తిరిగేదంట. నిప్పంటే దాని తిట్లు కావమ్మా, అవి వేరే ఉన్నాయి. నిజం నిప్పే. అడ్డపొగ. చుట్ట ముట్టించి, కాలే కొస లోపలికి పెట్టి పెదాలు మూసేస్తారు చూడు, అది. మన సముద్రం గాలికి అగ్గిపుల్ల నిలుస్తాదేటి? అందుకే మన అమ్మమ్మలు నిప్పుని నోట్లో దాచుకున్నారు. ఈ నూకరత్నం కూడా చుట్ట నోట్లో, చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మొచ్చేది. మొగుడు ఎర్రయ్య వేటకెళ్లేవాడు. ముగ్గురు పిల్లలు పుట్టారు, ఇంక చాలనుకుంది. 'మావా, నువ్వు ఆపరేషను సేయించుకో, మగోళ్లకి సిన్న కోతేనంట' అందంట. ఆడు రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, 'నాకు కోత పెడితే నడుం పడిపోద్ది, అల మీద పడవెవుడు లాగుతాడే, పడవ మునిగిపోద్ది' అన్నాడంట. ఏమే, నవ్వుతావు? పడవ లేకపోయినా మీ ఆయనా ఇదే చెప్పుంటాడు. ఆ ఉప్పు ఇటు జరుపు, ఈ చేపలకి పట్టించాలి.

అలాంటప్పుడు ఏమైందంటే, ఊళ్లోకి మందుల కంపెనీ మనిషొకడు దిగాడు. అంతెండలో, అంత ఇసకలో, మెడకి టై. అందుకని టైబాబు అన్నారు. అసలు పేరు ఆడి తల్లికి గుర్తుంటే చాలు. ఆడాళ్లందర్నీ కూకోబెట్టి గులాబీరంగు మాత్రలు చూపించి, రోజుకొకటి మింగండమ్మా, కడుపు నిలవదు అన్నాడు. 'పత్తెం ఏటి బాబూ?' అనడిగింది నూకరత్నం. మనం జలుబు మందుకైనా అడుగుతాం కదా, వంకాయ తినొచ్చా, గోంగూర తినొచ్చా అని. ఆడు పకపకా నవ్వి, పథ్యం లేదు ఏమీ లేదు, పిప్పరమెంటు అనుకో, ఎవరికైనా పడుతుంది అన్నాడంట. మాత్రలకి డబ్బులొద్దులే అంటూనే నెలనెలా ఎండు నెత్తళ్ల చేపలు సంచి నిండా పట్టుకుపోయేవాడు. ఆ మొదటిరోజే, పోతూ పోతూ సిగరెట్టు తీశాడు. గీస్తే ఆరిపోద్ది, గీస్తే ఆరిపోద్ది. నూకరత్నం జాలిపడి నోట్లోంచి చుట్ట తీసి, ఇదిగో బాబూ, అని నిప్పిచ్చింది. ఆడు ముట్టించుకుని, దమ్ము లాగి, దండం పెట్టి మరీ పోయాడు. ఈ ముక్క గుర్తుంచుకోండి, దీంతో పనుంది.

వానలు వెనకబట్టాయో లేదో, రోజూ ఆ మాత్ర మింగుతున్న నూకరత్నానికి ఎడమకాలు వాచిపోయింది. అరటిబోదె అనుకో. గంప ఎత్తుకుంటే వీధి చివరికి పోలేకపోయేది. ఎర్రయ్య దిష్టి అన్నాడు. దిష్టి తీశారు, వాపు తియ్యలేదు. పెద్దాసుపత్రికి మోసుకెళితే డాక్టరమ్మ కాలు చూసి, నోరు వాసన చూసి, చుట్ట తాగుతావా, ముప్పై అయిదు దాటిందా, అసలీ మాత్ర నీకెవరిచ్చారమ్మా అందంట. చుట్ట తాగేవాళ్లు ఇది మింగకూడదు, నరంలో రక్తం గడ్డకట్టింది, అది పైకి ఊపిరితిత్తుల్లోకి పోయుంటే ఈపాటికి నువ్వు లేవు అంది. ప్రాణం నిలబడింది గానీ, బరువు మొయ్యొద్దన్నారు. గంప ఎత్తని చేపలమ్మి ఏం తింటాది, పిల్లలకేం పెడతాది? టైబాబుకి కబురంపితే, 'అది నీ ఒంటి తత్వం, మా మాత్ర బంగారం' అని కబురు తిరిగొచ్చింది. కాలు కన్నా ఆ మాటకి ఎక్కువ మండిందంట.

ఇక్కడ చెవులు ఇటు పెట్టండి. కోర్టు ఆవరణలో ఆడవాళ్లకి పైసా తీసుకోకుండా వకీలుని ఇస్తారు, ఎరుగుదురా? ఎరగరు. సీరియల్లో ఏ అత్త ఏ కోడలికి విషం పెట్టిందో మాత్రం ఎరుగుదురు. నూకరత్నమూ ఎరగదు, ఆ డాక్టరమ్మే చెప్పి పంపింది. అక్కడో వకీలమ్మ దొరికింది. మందు చెడు దాచి అమ్మితే అది వాళ్ల తప్పే, వినియోగదారుల కోర్టులో వేద్దాం, ఆసుపత్రి కాగితాలన్నీ పెడదాం అంది. అంతా అయ్యాక, 'ఒక్క మాట వినమ్మా, అక్కడికి చుట్ట మాత్రం తేకు, దాన్ని పట్టుకుని నిన్నే దోషిని చేస్తారు' అంది. దానికి నూకరత్నం, 'ఎర ఎయ్యకుండా సేప పడతాదేటమ్మా?' అందంట.

వాయిదా రోజున గేటు బయట గోడ నీడన కూకుంది. కంపెనీ వకీలు నల్లకోటు వేసుకుని వస్తున్నాడు. చూస్తే ఏటి? చేతిలో బీడీ లేదు, చుట్ట లేదు, దీని ముక్కులోంచి పొగ! 'అమ్మా, లోపల కాలిపోతున్నావు!' అని అరిచాడంట. ఇది తీరిగ్గా నోరు తెరిచి నిప్పు చూపించింది. ఆయన అదిరిపడ్డాడు, ఆ వెంటనే మొహం వెలిగిపోయింది. కోటు ఎగరేసుకుంటూ లోపలికి ఒకటే పరుగు. వకీలమ్మ నెత్తి కొట్టుకుంది. నూకరత్నం నిప్పు ఇసకలో నలిపి, నోరు పుక్కిలించుకుని, కుంటుకుంటూ లోపలికెళ్లింది.

పీఠం మీద ఒక జడ్జమ్మ. కంపెనీ వైపు బల్ల దగ్గర టైబాబు. కంపెనీ వకీలు లేచి, ముందుగా, ఆ మాత్రలు ధర్మానికి ఇచ్చాం, ఈమె అసలు కొనుగోలుదారే కాదు అన్నాడు. 'ధర్మానికైతే మా నెత్తళ్లు ఎవుడు మెక్కాడమ్మా? టైబాబుని నోరు తెరవమనండి, ఇప్పటికీ కంపు కొడతాది' అంది నూకరత్నం. జడ్జమ్మ దగ్గు వచ్చినట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సరుకిచ్చి పుచ్చుకున్నా కొన్నట్టే అంది. అప్పుడా వకీలు ఛాతీ పొంగించి, 'ఇప్పుడు అసలు రహస్యం చెబుతాను మేడం. ఈమె చుట్ట తాగుతుంది! ఇందాకే కళ్లారా చూశాను. ఆ వయసులో పొగ తాగేవాళ్లు మా మాత్ర వేసుకుంటే రక్తం గడ్డకడుతుందని కంపెనీలో అందరికీ తెలుసు!' అన్నాడు. నూకరత్నం మెల్లగా లేచి, 'అందరికీ తెలుసా బాబూ?' అందంట. తెలుసు అన్నాడు. 'ఈ టైబాబుకీ తెలుసా?' అందరికీ నేర్పించే పంపుతాం అన్నాడు. 'మరి నాకెందుకు తెలీలేదు? పత్తెం అడిగితే పిప్పరమెంటన్నాడే. నా సుట్ట నిప్పుతోనే సిగరెట్టు ముట్టించుకున్నాడే.' ముట్టించుకున్నారా అని జడ్జమ్మ అడిగింది. టైబాబు ఇటు చూశాడు, అటు చూశాడు, 'అది... గాలెక్కువ మేడం, అగ్గిపుల్ల నిలవలేదు' అన్నాడు. వకీలు అక్కడే కూలబడ్డాడు. ఎర మింగాక గేలం ఎక్కడికి పోద్ది?

వైద్యం ఖర్చూ, పోయిన బతుకుతెరువూ కంపెనీయే ఇవ్వాలి, ఎవరు మింగకూడదో చీమల బారులా కాకుండా తెలుగులో పెద్దక్షరాలతో అట్ట మీద వెయ్యాలి అని తీర్పొచ్చింది. కంపెనీ పై కోర్టుకెక్కింది. ఎక్కనీ, వాళ్ల వకీలు అన్న మాట కాగితం మీద కూకునే ఉంది, వాళ్లతోపాటు అదీ మెట్లెక్కుతాది. ఇప్పుడు మందులోళ్లు మనూరొస్తే సంచి విప్పకముందే చుట్ట తాగుతారా అని అడుగుతారు. మొన్నొకడు చంకలో పిల్లని కూడా అడిగాడు.

నూకరత్నం చుట్ట మానేసింది. మాత్ర ఎలాగూ మానేసింది. గంప ఇప్పుడు ఎర్రయ్య మోస్తున్నాడు, వేటా ఆడే, అమ్మకమూ ఆడే. 'ఇక నాలుగోది పుడితే దాన్నీ నువ్వే మొయ్యాల మావా' అందంట ఒకనాడు. మర్నాడే ఆసుపత్రికెళ్లి ఆ చిన్న కోతేదో చేయించుకొచ్చాడు. గాయం మానగానే పడవెక్కాడు. నేను ఒడ్డునే కూకుని చూశానమ్మా, పడవ మునగలేదు.