కోతల మాస్టారి అమ్మాయి మార్కులు

“గొప్ప చెప్పుకోవడం కాదుగానీ, మా అమ్మాయికి ఫస్ట్ క్లాసు వచ్చిందంటే దాన్లో సగం నా కాలిదే,” అన్నాడు టైలరు, టీ గ్లాసు బల్ల మీద పెట్టి.

వీధిలో ఆయన్ని అందరూ కోతల మాస్టారనే పిలుస్తారు. కత్తెరతో కోసేది బట్ట, నోటితో కోసేది మిగతావన్నీ. ఎంత పెద్ద కోతైనా పరామర్శకి వచ్చినవాడిలా మొహం పెట్టి చెబుతాడు. ఇవాళ ఫస్ట్ క్లాసు సంగతి మాత్రం అక్షరాలా నిజం. ఏ తరగతిలోనూ పైకీ కిందకీ కాకుండా మధ్యలో నడిచిన పిల్ల, టీచర్లకి పేరు కూడా గుర్తుండని పిల్ల, బడి ఆఖరి పరీక్షల్లో అందరినీ నోరెళ్లబెట్టించింది. పొద్దున ఫలితాలు చూసుకుని వచ్చి, “నాన్నా, కాలేజీలో చేర్పిస్తావా?” అని అడిగింది. ఇక బడి అయిపోయింది కదా, షాపులో రెండో మిషను మీద కూర్చోమందామని ఆయన అనుకుంటున్నాడు. చెప్పులేసుకుని టీకొట్టుకి వచ్చేశాడు. ఇంటికెళ్తే జవాబు చెప్పాలి. అందుకే కథ ఎత్తుకున్నాడు.

“కాలేంటి మాస్టారూ?” అన్నాడు లారీ డ్రైవరు.

“మిషను తొక్కే కాలయ్యా! మా పిల్ల నా పక్కన కూర్చుని చదివేది. నేను తొక్కే జోరుని బట్టి దానికి పాఠం ఎక్కేది. సైన్సుకి నిదానంగా తొక్కేవాణ్ణి. చరిత్ర అనుకో, రాజులు ఎక్కువ కదా, కాస్త దౌడు తీయించేవాణ్ణి. ఓరోజు ఎవరిదో అర్జెంటు ప్యాంటు కుడుతూ ధ్యాసలో లేక తొక్కేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దానికి పై క్లాసు పుస్తకం కూడా వచ్చేసింది! మళ్లీ వెనక్కి తిప్పి విప్పాల్సొచ్చింది.”

“కుట్లు విప్పినట్టా?” అంది టీకొట్టు అక్క, గిన్నెలో పాలు కలుపుతూ.

“అచ్చం అలాగే అక్కా. ఇక పరీక్ష హాల్లో చూడాలి! జవాబు గుర్తు రావాలంటే మిషను చప్పుడు కావాలి కదా, ఇది బెంచీ కింద కాలు ఆడించడం మొదలెట్టింది. దాన్ని చూసి పక్క పిల్ల, ఆ పిల్లని చూసి వెనక పిల్ల, హాలంతా కాళ్లే! బెంచీలు కదిలాయి, గోడలు కదిలాయి, గది గదంతా వీధి మలుపు దాకా వచ్చేసింది. హాజరు పట్టీ తేవడానికి బయటికెళ్లిన సారు వెనకాలే పరిగెత్తుకొచ్చి కిటికీలోంచి ఎక్కాడు.”

“పాపం, దెబ్బలేమైనా తగిలాయా?” అన్నాడు ఇస్త్రీ తాత, నవ్వకుండా.

“దెబ్బల్లేవుగానీ తాతా, అసలు కష్టం తర్వాతొచ్చింది. కాగితాలు అయిపోయాయి. బడిలో అయిపోయాయి, ఊళ్లో అయిపోయాయి. ఇది మాత్రం ఆపదు. చివరికి ఆ సారు చొక్కా వీపు మీద రాసింది. నేను కుట్టిన చొక్కాయే, వీపు విశాలంగా పెట్టాను కాబట్టి సరిపోయింది. దాంతో ఏం చేస్తారు, ఆ సార్ని కూడా పేపర్లతో కలిపి కట్టగట్టి దిద్దడానికి పంపించారు. అక్కడ ఆయన్ని బోర్లా పడుకోబెట్టి మార్కులేశారు. నూటికి నూట ఇరవై ఇస్తామని కబురు పెడితే నేనే వద్దన్నాను. మిగతా పిల్లలకీ ఉండాలి కదా!”

డ్రైవరు పొలమారి దగ్గాడు. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇస్త్రీ తాత మాత్రం గ్లాసు కింద పెట్టి అడిగాడు.

“మరి ఇంతటి పిల్లని ఏ కాలేజీలో చేర్పిస్తున్నావయ్యా?”

మాస్టారు ఖాళీ గ్లాసు ఎత్తి మళ్లీ బల్ల మీద పెట్టాడు.

“చూద్దాం,” అన్నాడు.

“మా తమ్ముడి పెళ్లికి నా జాకెట్టూ చూద్దామనే అన్నారు మాస్టారూ,” అంది అక్క మెల్లగా. “వాడికిప్పుడు కొడుకు.”

“నువ్వు అవునంటే వారం ఆలస్యమవుతుంది,” అన్నాడు తాత. “కాదంటే బతిమాలుకుంటాం. చూద్దాం అన్నావంటే గుడ్డ వెనక్కి పట్టుకెళ్లిపోతాం. పిల్లకి కూడా చూద్దామేనా?”

మాస్టారు మెడలో టేపుని వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు.

“నాకు కళ్లు ఆనట్లేదు తాతా. ఏడాదిగా సూదిలోకి దారం మా అమ్మాయే ఎక్కిస్తోంది. నల్ల గుడ్డ మీద నల్ల దారమైతే కుట్టడమూ అదే. పుస్తకం మిషను మీద తెరిచి పెట్టుకునేది. తొక్కింది నేను కాదు. అది లేకపోతే నా షాపు లేదు.”

“నీకు కావాల్సింది కళ్లజోడయ్యా, కూతురు కాదు.”

“చీమ నడుముకి కొలత తీస్తానని ఇదే బల్ల మీద కూర్చుని చెప్పినవాణ్ణి! కళ్లజోడు పెట్టుకుని మీ ముందుకి ఎలా వస్తాను?”

“అది మేమెప్పుడు నమ్మాం?” అన్నాడు డ్రైవరు.

ఎగతాళిగా అనలేదు. అందుకే అది సూటిగా తగిలింది. ఎవరూ నమ్మని ఒక్క కోతని కాపాడుకోవడానికి తను కూతుర్ని మిషనుకి కట్టేయబోయాడు.

“చేర్పిస్తున్నాను,” అన్నాడు లేచి. “ఇవాళే.”

తాత ఆయన మొహంలోకి చూశాడు. “ఇది కోత కాదు కదా?”

కాదని ఒట్టేయబోయాడు. ఈ బల్ల దగ్గర తను వేసిన ఒట్లు గుర్తొచ్చి ఊరుకున్నాడు. రెండడుగులు ఇంటివైపు వేసి, మళ్లీ వెనక్కి తిరిగాడు.

“తాతా, కాస్త మా ఇంటిదాకా రా. నువ్వు చెప్పు దానికి,” అన్నాడు. “నేను చెబితే నమ్మదు.”