ఆఖరి కోటు

ఇంటి వెనక రేకుల షెడ్డు. రెండు బల్లల మీద పడవ. పక్కన కుంచె పట్టుకుని ఇంటాయన. గుమ్మంలో టీ గ్లాసుతో ఇల్లాలు.

"మళ్ళీ వార్నిషేనా?"

"ఇదే ఆఖరి కోటు."

"మరి మొన్న వేసింది?"

"అది ఆఖరిదానికి ముందుది. గ్లాసు అక్కడ పెట్టు. అబ్బా, అక్కడ కాదే! అది సీటు."

"సీటు మీద మనుషులే కూర్చోవాలా, గ్లాసు కూర్చోకూడదా?"

"తడి ఆరలేదే తల్లీ."

"ఆరలేదు, ఆరలేదు. మూడేళ్ళనుంచీ ఇదే మాట. ఇంట్లో వండే కూరకి కూడా వార్నిష్ వాసనే. సరే, రేపు ఆదివారం. నీళ్ళలోకి దింపేద్దామా?"

"రేపా?"

"రేపే. నదేమన్నా దేశం అవతల ఉందా? వీధి చివరేగా."

"రేపంటే... తెడ్లకి తోలు చుట్టాలి."

"చుట్టారు. నా పాత హ్యాండ్‌బ్యాగు కోసి మరీ చుట్టారు."

"అది ఒక తెడ్డుకే సరిపోయింది."

"రెండోదానికి కొత్త బ్యాగు కోశారు. నేను చూడలేదనుకున్నారా?"

"ఓహో... చూశావా."

"చూశాను. ఇంకేం మిగిలిందో చెప్పండి."

"తాడు. ఒడ్డుకి కట్టడానికి తాడు లేదు."

"మీ నెత్తిమీదే వేలాడుతోంది."

"అది బట్టలారేసేది!"

"దాని పక్కది. లావుపాటిది."

"ఓ. అదా. ఉందే!"

"ఇంకా?"

"బిరడా. అడుగున చిల్లు పెట్టాను కదా, దానికి బిరడా గట్టిగా..."

"చేతులారా పడవ కట్టి, చేతులారా చిల్లు పెట్టారా?"

"వాన నీళ్ళు పోవద్దటే? అన్ని పడవలకీ ఉంటుంది."

"బిరడా బిగించడం ఎంతసేపు? ఇంకా?"

"పేరు రాయలేదు."

"నా పేరేగా రాస్తానన్నారు?"

"రాస్తా, రాస్తా. అక్షరాలు కుదరాలిగా."

"నా పేరు రెండక్షరాలండీ!"

"రెండైనా, వంకరపోతే వంకరే."

"ఇటు చూడండి. ఆ కుంచె కింద పెట్టండి. పెట్టండంటున్నానా! ఏమిటి మీ భయం? ఈత మర్చిపోయారా?"

"నేనా? చేపలకి నేర్పుతాను."

"మరి?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే చెవి గోక్కోరు మీరు."

"గోక్కోలేదు."

"ఇంకా గోక్కుంటూనే ఉన్నారు. చెవి నిండా వార్నిష్."

"...మునిగితే?"

"ఏమిటీ?"

"మునిగితే అంటున్నా! వీధి వీధంతా వచ్చి ఒడ్డున నిలబడుతుంది. మా అన్నయ్య ఆనాడే అన్నాడు, ఒరేయ్, నువ్వు కట్టేది పడవ కాదురా, కుడితి తొట్టి అని."

"మీ అన్నయ్య మేకు కొడితే గోడ ఊడొచ్చింది. ఆయన మాటా మీకు?"

"నవ్వకు. ఒక్క సెలవు రోజన్నా కాలు చాపుకుని పడుకున్నానా? అంతా దీనికే పోశాను. షెడ్డులో ఉన్నన్నాళ్ళూ ఇది తేలే పడవేనే. నీళ్ళలో పెడితేనే కదా అసలు సంగతి తేలేది! ఆ సంగతి తేలడమే నాకు భయం."

"అదా."

"అదే."

"అంతేనా?"

"అంతేనా అంటావేమిటి! ఇక్కడ గుండె గుభేలుమంటుంటే."

"తేలుతుంది లెండి."

"నన్ను ఊరడించడానికి అంటున్నావు."

"కాదు. తేలుతుంది."

"నీకేం తెలుసు? పడవకి ముందేదో వెనకేదో తెలీదు నీకు."

"కోప్పడనంటే చెప్తా."

"ఏమిటి?"

"ముందు కోప్పడనని చెప్పండి."

"కోప్పడను. ఏమిటో చెప్పు."

"పోయిన వారం మీరు ఊరెళ్ళారా..."

"ఆఁ, వెళ్ళాను. అయితే?"

"తేలుతుందండీ. కాకపోతే కాస్త ఎడమకి లాగుతుంది. అవతలి ఒడ్డు చేరేసరికి నాకూ పక్కింటి పిన్నిగారికీ జబ్బలు పడిపోయాయనుకోండి!"