సీటు దగ్గరికే టీ

కుసుమ సీట్లో లేదని నేను చెప్పాలా? రేపు ఓనరు సేఠ్‌జీ ముందు, నా నోటితో? ఛీ. ఈ మాట అడగడానికా హరినాథ్, నన్ను ఆఫీసులోంచి లేపి ఈ కోహ్కా సెంటర్లో టీ బండి దాకా నడిపించుకొచ్చావు?

సరే, కూర్చో. ఆ చివర కాదు, బెంచీ లేస్తుంది. దీదీ, దో చాయ్, అద్రక్ థోడా జ్యాదా. ఈవిడ అల్లం అప్పటికప్పుడు దంచి వేస్తుంది. మన ఆఫీసు ఫ్లాస్కులో అల్లం మాట ఏటి, టీయే ఉండదు. గోరువెచ్చటి పంచదార నీళ్ళు.

అదంతా నీ చలవే కదా. మేనేజరుగా వచ్చీ రాగానే పదకొండింటి టీకి బయటికి పోవడం బంద్ చేశావు. 'సీటు దగ్గరికే తెప్పిస్తున్నాను గురుమూర్తి అంకుల్, ఇక ఎవరూ కదలక్కర్లేదు' అని మురిసిపోయావు. గొడ్లకీ కట్టుగొయ్య దగ్గరే కుడితి పెడతారు. వాటినైనా రోజుకోసారి విప్పుతారు బాబూ.

నేను ఉక్కు ప్లాంటులో చేసే రోజుల్లో మీ నాన్న భుజంగరావు మా సెక్షన్ ఆఫీసరు. పదకొండయ్యేసరికి పెన్నుకి మూత పెట్టి, 'లేవండయ్యా, అంకెలు అలుక్కుపోతున్నాయి' అనేవాడు. అందరం క్యాంటీన్ దాకా నడిచేవాళ్ళం. దారిలో, మరోదా నుంచి వచ్చే అప్పలసూరి వాళ్ళ మావగార్ని తిట్టని రోజు లేదు. పెళ్ళిలో ఇస్తానన్న సైకిలు ఇచ్చాడు గాని, దానికి బెల్లు లేదట. బెల్లు కోసం ఇరవై ఏళ్ళు తిట్టాడు. ఏటి చెబుతున్నాను? ఆఁ, తిరిగొచ్చి కూర్చుంటే పొద్దున్న కనపడని తప్పు ఇట్టే కనపడేది. పక్కవాడి మీద చిరాకు కూడా దిగిపోయేది.

ఇప్పుడో? స్క్రీను మీంచి కళ్ళు తియ్యకుండా కప్పు తడుముకుంటున్నారు. మొన్న వెంకట్ తన పెన్ను ఎవరో తీశారని పక్క సీటు అమ్మాయి మీద విరుచుకుపడ్డాడు. ఆ పెన్ను అతని చెవి మీదే ఉంది. చూస్తే అసహ్యం వేసింది నాకు. వెంకట్ మీద కాదులే.

కుసుమ సంగతంటావా? నా ఎదుటి సీటే కదా. ఆ రోజు పొద్దుట్నించి లేవలేదు. రోటీ డబ్బా కూడా కీబోర్డు పక్కనే విప్పుకుంది. సాయంత్రానికి నేను పలకరిస్తే, నేనెవరో తెలియనట్టు చూసింది. అలా అలిసిపోయిన మనిషి రెండు లారీల చలాన్లు అటుదిటు చేసింది. రాయ్‌పూర్ వెళ్ళాల్సిన ఇనుము నాగ్‌పూర్ పోయింది.

ఇప్పుడు ఆవిడ సీటు వదిలేసి కబుర్లాడింది, అందుకే తప్పు జరిగింది, అని నేను చెప్పాలి. నీ రూలు నిలబడుతుంది, ఆవిడ ఉద్యోగం పోతుంది. ఆ ఇంట్లో మంచాన పడ్డ మొగుడికీ, చదువుకునే పిల్లకీ ఆ జీతమే ఆధారం. నీకు తెలుసు. తెలిసే అడుగుతున్నావు.

నేను చెబితే పెద్దవాణ్ణని నమ్ముతారంటావా? అందుకా నన్ను పట్టుకున్నావు? బాగుంది.

ఇదిగో టీ వచ్చింది. ఏటంటోంది దీదీ? 'భయ్యాకి రోజూలాగే చక్కెర తక్కువ.' రోజూలాగేనట.

తల దించుకుంటావేం? నీకూ బుర్ర వేడెక్కుతుంది, నువ్వూ మనిషివే. ఇక్కడికి రావడం తప్పనను. మీ నాన్నా వెళ్ళేవాడు. కాకపోతే మమ్మల్ని కట్టేసి వెళ్ళేవాడు కాదు.

రేపు సేఠ్‌జీ అడిగితే, కుసుమ లేవలేదండీ, రోజూ లేచేది మేనేజరుగారు, అని చెబుతాను. తర్వాత నన్ను తీసేస్తావు, తీసెయ్యి. ఈ బిల్లులు చూసే పని పోతే ఇంట్లో మా ఆవిడ జ్ఞానప్రసూన తిడుతుంది. ఇప్పుడు మాత్రం తిట్టడం లేదా.

తాగు, మీగడ కట్టేస్తోంది. దీదీ, నాకు ఇంకో కప్పు. నువ్వు పద బాబూ, నీ సీటు దగ్గర కూడా ఒకటి చల్లారుతూ ఉంటుంది.